పచ్చగా ఉంటే చాలా?

(నగరాల్లోని పచ్చని స్థలాలు, వాటిలోని జీవవైవిధ్యం, మన ఆరోగ్యం అనే అంశంపై జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న వేస్తాను. చేతులెత్తక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు. ఊరి మధ్యలో రెండు స్థలాలున్నాయి. రెండూ ఒకే సైజు. ఒకదాంట్లో నున్నగా కత్తిరించిన లాన్, అంచున వరసగా ఒకే రకం చెట్లు. రెండోదాంట్లో రకరకాల చెట్లు, వాటి కింద పొదలు, పొదల కింద రాలిన ఆకులు, ఓ మూల చిన్న కుంట. మీ ఆరోగ్యానికి ఏది మంచిది?

రెండోదే అనుకుని ఉంటారు చాలామంది. సరే, ఎందుకు? అక్కడ ఆగిపోతాం. "ప్రకృతి కదండీ, మంచిదే" అనేసి ఊరుకుంటాం. ఈ పూట నేను ఆ "ఎందుకు" గురించే మాట్లాడతాను. సాక్ష్యం ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పల్చగా ఉందో రెండూ చెబుతాను. ఎందుకంటే ఈ విషయం మీద ఉత్సాహంగా మాట్లాడేవాళ్ళు ఎక్కువ, లెక్క చూసి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఒక పేట ఎంత పచ్చగా ఉందో పరిశోధకులు ఎలా కొలుస్తారో తెలుసా? ఎక్కువమంది శాటిలైట్ చిత్రాలతో కొలుస్తారు. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి కనపడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాలోంచి ఒక అంకె తీస్తారు. దాని పేరు ఎన్.డి.వి.ఐ. మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇక్కడే ఉంది చిక్కు. పుష్కలంగా నీళ్ళు పెట్టిన లాన్‌కీ, గుబురుగా ఉన్న తోపుకీ ఆ అంకె దగ్గరదగ్గరగా రావచ్చు. పైనుంచి చూస్తే రెండూ పచ్చనే. వాటిలో ఎన్ని రకాల ప్రాణులున్నాయన్నది ఆ అంకెకి తెలియదు. మరి పచ్చదనానికీ ఆరోగ్యానికీ సంబంధం ఉందని చెప్పిన అధ్యయనాల్లో చాలావాటికి ఆధారం ఈ అంకే. కాబట్టి "పచ్చదనం మంచిది" అన్నది ఒక మాట, "జీవవైవిధ్యం మంచిది" అన్నది ఇంకో మాట. రెండూ కలిపేయకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటి మాట మీద ఎక్కువసేపు ఆగను. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు తీశాడు. కిటికీలోంచి చెట్లు కనపడే గదుల్లో ఉన్నవాళ్ళు 23 మంది, ఇటుక గోడ కనపడే గదుల్లో ఉన్నవాళ్ళు 23 మంది. చెట్లు కనపడినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. చిన్న అధ్యయనమే గానీ అక్కడినుంచి పెద్ద దారి పడింది. 2008లో రిచర్డ్ మిచెల్, ఫ్రాంక్ పోఫామ్ ఇంగ్లండులో 4 కోట్లమందికి పైగా జనాభా లెక్కలు చూశారు. పేదవాళ్ళ మరణాల రేటుకీ ఉన్నవాళ్ళ మరణాల రేటుకీ మధ్య తేడా, పచ్చదనం ఎక్కువున్న చోట్ల తక్కువగా ఉంది. నడక, నీడ, నలుగురితో కలవడం, టెన్షన్ తగ్గడం, ఇలా కారణాలు చాలా ఉండొచ్చు.

ఇక పచ్చదనంలో ఏ రకం పచ్చదనం? దీని మీద ఆస్ట్రేలియాలో 2019లో మంచి అధ్యయనం వచ్చింది. మూడు నగరాల్లో 46 వేలమందికి పైగా పెద్దవాళ్ళని కొన్నేళ్ళపాటు గమనించారు. ఇంటి చుట్టుపక్కల 30 శాతం, అంతకుమించి చెట్ల నీడ ఉన్నవాళ్ళలో మానసిక ఒత్తిడికి లోనయ్యే అవకాశం 31 శాతం తక్కువ. గడ్డితో? ఆ మేలు కనపడలేదు. లాన్ ఎంత పెరిగినా ఆ ఫలితం రాలేదు. ఇది మన మునిసిపాలిటీలు, అపార్టుమెంట్ల కమిటీలు చదవాల్సిన కాగితం అని నా అభిప్రాయం. అయితే చెట్లకీ గడ్డికీ తేడా తేలింది గానీ, పది రకాల చెట్లకీ ఒక రకం చెట్లకీ తేడా ఇందులో తేలలేదు. మనకి కావలసింది అది.

కంటికి తెలియదు

ఇంగ్లండులో షెఫీల్డ్ అని నగరం ఉంది. రిచర్డ్ ఫుల్లర్ బృందం 2007లో అక్కడి 15 పచ్చని స్థలాలకి వెళ్ళింది. ఒకపక్క ఆ స్థలాల్లో మొక్కలెన్ని రకాలు, పక్షులెన్ని రకాలు, సీతాకోకచిలుకలెన్ని రకాలు అని లెక్కపెట్టారు. ఇంకోపక్క అక్కడికి వచ్చిన 312 మందిని మాట్లాడించారు. ఇక్కడికొస్తే మీ మనసుకి ఎలా ఉంటుంది, ఆలోచనలు తేటపడతాయా, ఈ చోటు మీది అనిపిస్తుందా అని. మొక్కల రకాలు పెరిగినకొద్దీ జవాబుల్లో హాయి పెరిగింది. అందరూ సంతోషించారు. అనుకున్నది రుజువైంది కదా!

ఐదేళ్ళ తర్వాత, 2012లో, అదే నగరంలో మార్టిన్ డాలిమర్ బృందం నది ఒడ్డున ఇంకా ఎక్కువమందిని అడిగింది. ఈసారి ఏమైంది? పక్షుల రకాలు ఎక్కువున్నచోట మనుషులకి హాయిగా ఉంది. మొక్కల రకాలు ఎక్కువున్నచోట హాయి తగ్గింది! ముందు చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఇంకో తమాషా చూడండి. "ఇక్కడ చాలా రకాల ప్రాణులున్నాయి" అని ఎవరైతే అనుకున్నారో వాళ్ళు ఎక్కువ హాయిగా ఉన్నారు. అక్కడ నిజంగా ఉన్నాయా లేదా అన్నదానితో పనిలేదు. మామూలు మొక్కల్నీ పక్షుల్నీ గుర్తుపట్టమంటే చాలామంది తడబడ్డారు.

దీన్నిబట్టి ఏమనుకోవాలి? జీవవైవిధ్యం వల్ల మనసుకి మేలు లేదనా? నేను అలా అనుకోను. మనసుకి అందేది జాతుల లెక్క కాదు, మనం గమనించినది మాత్రమే. పాతిక రకాల గడ్డిజాతులు కాళ్ళ కింద ఉన్నా కంటికి అవన్నీ గడ్డే. పిట్ట అలా కాదు. అది కదులుతుంది, కూస్తుంది, తనంతట తానే మన దృష్టిలో పడుతుంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో 1,292 మంది ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని రోజులో చాలాసార్లు తమ మానసిక స్థితిని నమోదు చేశారు. పిట్టని చూసినా, దాని కూత విన్నా వాళ్ళ మనసు బాగున్నట్టు తేలింది, ఆ తర్వాత కొన్ని గంటలపాటు ఆ తేడా కనపడింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో కూడా. మరి పిట్ట ఊరికే వస్తుందా? దానికి పురుగు కావాలి, పురుగుకి ఆకు కావాలి, గూటికి పొద కావాలి. మనం చూసేది పిట్టనే, దాని వెనకున్న బలగం మన కంటపడదు.

ఒంటికి తెలుసు

ఇప్పటిదాకా కంటి సంగతి. ఇక నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను. మట్టి.

ఎప్పుడైనా ఒక పెద్ద చెట్టు కింద, ఎవరూ ఊడవని చోట, రాలిన ఆకుల్ని చేత్తో పైకెత్తి చూశారా? చూడండి ఈసారి. పైన ఉన్న ఆకు ఎండి గలగలలాడుతుంది. దాని కిందది తడిగా, మెత్తగా ఉంటుంది. ఇంకా కిందది చూస్తే ఆకు తినేసి ఉంటుంది, ఈనెలు మాత్రం మిగిలి ఉంటాయి. ఆ ఈనెల మధ్య సన్నటి తెల్లటి పోగులు. బూజు అనుకుని దులిపేస్తాం గానీ అవి శిలీంధ్రాలు, ఆకుని మట్టి చేసే పని వాటిదే. ఇంకా కిందికెళితే ఎక్కడ ఆకు అయిపోయిందో ఎక్కడ మట్టి మొదలైందో చెప్పలేం. అక్కడ ముక్కు పెడితే వాన పడ్డప్పటి వాసన వస్తుంది. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, ఎక్కువగా స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా తయారుచేస్తుంది. ఆ కుటుంబంలోని ఒక బాక్టీరియా నుంచే 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. క్షయకి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. చెప్పేదేమిటంటే, గుప్పెడు మట్టిలో వందల కోట్ల సూక్ష్మజీవులుంటాయి, మనిషి శరీరం పుట్టినప్పటినుంచీ వీటి మధ్యే పెరిగింది. లక్షల ఏళ్ళపాటు.

1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఒక విషయం గమనించాడు. ఇంట్లో అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న పిల్లలకి పుప్పొడి ఎలర్జీ తక్కువగా వస్తోంది. చిన్నప్పుడే ఒకరినుంచి ఒకరికి క్రిములు అంటుకోవడం వల్ల ఈ రక్షణ వస్తోందేమో అన్నాడు. దీన్ని చాలామంది "శుభ్రంగా ఉంటే ఎలర్జీ వస్తుంది" అని అర్థం చేసుకున్నారు. కాదండీ, చేతులు కడుక్కోండి! ఆ తర్వాత గ్రాహమ్ రూక్ అనే ఇంకో పరిశోధకుడు ఈ వాదాన్ని సవరించాడు. మనకి కావలసింది రోగాలు తెచ్చే క్రిములు కావు. మట్టిలో, నీళ్ళలో, పశువుల దగ్గర ఉంటూ మనకి హాని చేయని పాత పరిచయస్తులు.

రోగనిరోధక వ్యవస్థని అపార్టుమెంటులో కొత్తగా చేరిన వాచ్‌మన్ అనుకోండి. ఎవరు ఇక్కడివాళ్ళో, ఎవరు దొంగో తెలియదు. మొదటి రోజుల్లో వచ్చేపోయేవాళ్ళందర్నీ చూస్తే కదా తెలిసేది. ఎవర్నీ చూడకపోతే పాలు పోసే అబ్బాయి మీద కూడా విజిల్ వేస్తాడు. ఎలర్జీ అంటే అదే. ప్రమాదం లేని పుప్పొడి మీద, దుమ్ము మీద, వేరుశనగ మీద శరీరం యుద్ధానికి దిగుతుంది. "ఇది మామూలే, వదిలెయ్" అని చెప్పే కణాలు ఒంట్లో ఉన్నాయి, నియంత్రక టి కణాలు అంటారు. వాటికి శిక్షణ కావాలి.

ఫిన్లండులో ఇల్కా హాన్స్కీ అనే జీవావరణ శాస్త్రవేత్త, వైద్యులు కలిసి 2012లో ఒక పని చేశారు. 118 మంది టీనేజి పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ళ చర్మం మీది బాక్టీరియా చూశారు, వాళ్ళ ఇంటి చుట్టూ ఉన్న మొక్కలు, భూమి తీరు చూశారు. ఎలర్జీ స్వభావం ఉన్న పిల్లల ఇళ్ళ చుట్టూ జీవవైవిధ్యం తక్కువ, వాళ్ళ చర్మం మీద గామాప్రోటియోబాక్టీరియా అనే తరగతిలోని రకాలూ తక్కువే. అబ్బో అనిపిస్తుంది. కానీ ఏది కారణమో ఏది ఫలితమో ఇందులో తెలియదు. దానికి ప్రయోగం చేయాలి.

ప్రయోగమూ చేశారు. ఇది 2020లో వచ్చింది. ఫిన్లండులోనే, నగరాల్లోని కొన్ని డే కేర్ సెంటర్లు. ఆవరణ అంతా కంకర, ఇసుక, చదును చేసిన నేల. అక్కడికి అడవి నేలని పలకలు పలకలుగా తెచ్చి పరిచారు, నాచు, పొదలు, రాలిన ఆకులతో సహా. గడ్డి చాపలు వేశారు, మొక్కలు నాటుకునే పెట్టెలు పెట్టారు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు. వాళ్ళకి మందులేమీ ఇవ్వలేదు. ఆడుకోమన్నారు. తవ్వారు, దొర్లారు, మొక్కలు నాటారు. మిగతా సెంటర్ల పిల్లలతో కలిపి 75 మంది. 28 రోజుల తర్వాత చూస్తే, ఆ పిల్లల చర్మం మీది బాక్టీరియాలో రకాలు పెరిగాయి. రక్తంలో, రోగనిరోధక వ్యవస్థని అదుపులో ఉంచే సంకేతాలు బలపడ్డాయి. నెలకూడా కాలేదు!

వాళ్ళకి ఎలర్జీలు తగ్గాయా? ఈ ప్రయోగం అది చూడలేదు. చిన్న ప్రయోగం, తక్కువ రోజులు. కాబట్టి "అడవి మట్టి తెస్తే ఆస్తమా పోతుంది" అని రేపు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి దయచేసి. కానీ మన అసలు ప్రశ్నకి ఇక్కడ కొంత జవాబు దొరికింది. కన్ను పాతిక రకాల్నీ ఒకటిగానే చూసింది. చర్మం అలా చూడలేదు. మట్టిలో ఎన్ని రకాలున్నాయో దానికి తేడా తెలిసింది. ఇంకో హెచ్చరిక కూడా. నగరాల మట్టి అన్నిచోట్లా మంచిది కాదు. పాత పరిశ్రమల దగ్గర, రద్దీ రోడ్ల పక్కన మట్టిలో సీసం ఉండొచ్చు. పిల్లల్ని ఆడించే చోట మట్టి పరీక్ష చేయించడం మంచిది.

ఒకే రకం చెట్లతో వచ్చే ముప్పు

అమెరికాలో ఒకప్పుడు వీధులకి వీధులు ఎల్మ్ చెట్లే నాటారు. శిలీంధ్రం వల్ల వచ్చే డచ్ ఎల్మ్ తెగులు వాటిని తుడిచిపెట్టేసింది. బోసిపోయిన వీధుల్లో ఏం చేశారు? చాలాచోట్ల మళ్ళీ ఒకే రకాన్ని ఎత్తుకున్నారు, యాష్ చెట్లు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక పురుగు కనపడింది. ఎమరాల్డ్ యాష్ బోరర్. ఆసియా నుంచి వచ్చిన చిన్న ఆకుపచ్చ పెంకుపురుగు. దాని పిల్ల బెరడు కింద సొరంగాలు తవ్వుతుంది, చెట్టుకి పైకీ కిందకీ సరఫరా తెగిపోతుంది. కోట్ల చెట్లు చచ్చిపోయాయి.

జెఫ్రీ డోనోవన్, ఆయన సహచరులు 2013లో ఒక లెక్క వేశారు. 15 రాష్ట్రాల్లో, పురుగు వచ్చిన జిల్లాల్లో మరణాలు ఎలా మారాయి? గుండె, శ్వాసకోశ జబ్బుల వల్ల 21 వేలకు పైగా అదనపు మరణాలు ఈ చెట్ల నష్టంతో ముడిపడి ఉన్నాయని తేలింది. చెట్టు పోవడమే చంపిందని ఇది నిరూపించదు, సంబంధాన్ని చూపిస్తుంది అంతే. అయినా ఆలోచించండి. ఆ వీధుల్లో పది రకాల చెట్లుంటే ఒక రకం పోయేది, వీధి బోడి అయ్యేది కాదు. ఫ్రాంక్ శాంటమోర్ అనే వృక్ష శాస్త్రవేత్త 1990లోనే ఒక కొలత చెప్పాడు. నగరంలోని చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతం మించకూడదు, ఒక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, 20 శాతం, అలాంటి గుంపులు కలిసిన ఒక కుటుంబం 30 శాతం మించకూడదు. వైవిధ్యం ఇక్కడ అందం కోసం కాదు, బీమా లాగా.

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. దోమలు! "పొదలు, కుంటలు అంటున్నారు, డెంగీ వస్తే మీరొస్తారా?" న్యాయమైన ప్రశ్న. డెంగీని మోసే ఈడిస్ దోమకి కుంట అక్కర్లేదు. పాత టైరు, పూలకుండీ కింది పళ్ళెం, పారేసిన కప్పు చాలు. ఎందుకు వాటినే ఇష్టపడుతుంది? అక్కడ దాని పిల్లల్ని తినేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి. ఒక శుభ్రమైన కుంటలో తూనీగ పిల్ల ఉంటుంది, నీటి అడుగున బురద రంగులో, కదలకుండా. దాని కింది పెదవి మడతపెట్టి ముఖం కింద దాచుకుని ఉంటుంది. దోమ పిల్ల దగ్గరికి రాగానే ఆ మడత ఒక్కసారిగా విప్పుకుని ముందుకు దూసుకొస్తుంది, చివర కొక్కేలతో పట్టుకుని లోపలికి లాగేస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు.

మరి మురికి కుంటల్లో దోమలు ఎందుకు పెరుగుతాయి? దోమ పిల్లకి నీటిలోని ప్రాణవాయువుతో పనిలేదు. తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టాన్ని నీటిపైకి పెట్టి గాలి పీలుస్తుంది. చేపలకి, తూనీగ పిల్లలకి నీళ్ళలోనే ఊపిరి. మురుగు కలిసిందంటే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, దోమని తినేవి చచ్చిపోతాయి, దోమ మిగులుతుంది. క్యూలెక్స్ దోమలకి అదే స్వర్గం. అంటే కుంట తప్పు కాదు, అందులోకి వదిలిన మురుగు తప్పు. దోమలమందు కొట్టినప్పుడూ ఇదే జరుగుతుంది. దోమలతోపాటు వాటిని తినేవీ పోతాయి. దోమలు తొందరగా మళ్ళీ పుడతాయి, తినేవి అంత తొందరగా రావు.

పుప్పొడి సంగతి కూడా నిజమే. గాలి ద్వారా పుప్పొడి చల్లే చెట్లు వీధంతా ఒకే రకం పెడితే ఆ ఊళ్ళో ఎలర్జీ ఉన్నవాళ్ళకి నరకం. రకాలు కలిపితే, తేనెటీగలు వచ్చే పూలచెట్లు కలిపితే ఆ ఒత్తిడి తగ్గుతుంది, వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాల్లో అంతగా ఎగరదు. ఇరుకు వీధిలో దట్టమైన గొడుగులా చెట్లు కమ్మేస్తే బళ్ళ పొగ కిందే నిలిచిపోతుంది, అదీ చూసుకోవాలి. ఇలాంటివి దాచి "చెట్లన్నీ మంచివే" అంటే జనం ఒకసారి వింటారు, రెండోసారి నమ్మరు.

ఇవన్నీ ఎవరికి అందుతున్నాయన్నది ఇంకో ప్రశ్న. 2003లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో మొక్కల రకాలు లెక్కపెడితే, ఆదాయం ఎక్కువున్న పేటల్లో రకాలు ఎక్కువ ఉన్నాయి. పరిశోధకులు దీన్ని 'లగ్జరీ ఎఫెక్ట్' అన్నారు. ఇందాక ఇంగ్లండు లెక్కలో ఏం చూశాం? పచ్చదనం పేదవాళ్ళకే ఎక్కువ అక్కరకొస్తోంది. అవసరం ఒకచోట, వైవిధ్యం ఇంకోచోట. దీనికి జీవశాస్త్రంలో మందు లేదు, బడ్జెట్‌లో ఉంది.

చివరగా పార్కుల నిర్వహణ గురించి రెండు మాటలు. చెట్లు నాటడం ఫోటోల్లో పడుతుంది. వైవిధ్యాన్ని నిలబెట్టేదీ చంపేదీ మాత్రం రోజువారీ నిర్వహణ. రోజూ ఆకులు ఊడ్చి కాల్చడం, వారం వారం గడ్డి నేలబారుగా కోయడం, పురుగు కనపడినా కనపడకపోయినా మందు కొట్టడం. ఈ మూడింట్లో ఏది తగ్గించినా ఖర్చు పెరగదు, తగ్గుతుంది. "మరి అసహ్యంగా ఉంటుంది కదా, పట్టించుకోలేదని తిడతారు" అంటారు మాలీలు. వాళ్ళ భయమూ నిజమే. జోన్ నాసావర్ అనే ల్యాండ్‌స్కేప్ నిపుణురాలు 1995లో దీనికి తేలికైన ఉపాయం చెప్పింది. లోపల చిట్టడవిలా వదలండి, కానీ దారి పక్కన ఒక పట్టీ మాత్రం నీటుగా కోసి ఉంచండి. ఆ అంచు చూస్తే జనానికి అర్థమవుతుంది, ఇది వదిలేసిన చోటు కాదు, కావాలనే ఇలా పెంచుతున్నారని. నడిచేవాళ్ళకి భయమూ ఉండదు, దారి స్పష్టంగా కనపడుతుంది.

మీ కాలనీ పార్కు నిర్వహణ కాంట్రాక్టు ఎవరి దగ్గరుందో కనుక్కుని ఒకసారి చదవండి. గడ్డి నెలకి ఎన్నిసార్లు కోయాలో, మందు ఎప్పుడు కొట్టాలో అందులో రాసి ఉంటుంది. మార్చాల్సింది ఆ రెండు లైన్లే, ముందు ఒక మూలకి మాత్రం మార్చి చూడమని అడగండి.

నా సమయం అయిపోయింది. ఇక మీ ప్రశ్నలు. వెనక వరసలో ఎవరో ఇందాకటినుంచీ చెయ్యెత్తి ఉన్నారు... పాముల గురించేనాండీ? అనుకున్నాను. ఆయనకి మైకు ఇవ్వండి.